బోర్డు తీసేశాక జనం వచ్చారు

కిందటి నెల ఈ శీర్షికలో ఎవరికో జవాబు రాస్తూ, విజయవాడ సూర్యారావుపేటలో నేను నడిపే చిన్న ఆఫీసు సంగతి ఒక్క వాక్యంలో చెప్పాను. పెళ్ళి కుదరనివాళ్ళు, కుదిరాక భయపడుతున్నవాళ్ళు, పెళ్ళయి మాట్లాడుకోవడం మానేసినవాళ్ళు అక్కడికి వస్తుంటారని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది తమ కాపురం గోడు రాశారు. మిగతా సగం మంది "మేమూ అలాంటిది పెట్టుకుందామనుకుంటున్నాం, ఎలా?" అని అడిగారు. ఈసారి జవాబులన్నీ ఆ రెండో సగానికే. రాసినవాళ్ళ ఊళ్ళు, వయసులు, ఉద్యోగాలు కొన్ని మార్చాను. ఎందుకో కింద ఒక జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్ళు. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు హెచ్‌ఆర్‌లో పనిచేసి మానేసి గుంటూరు వచ్చేశాను. రిలేషన్‌షిప్ కోచింగ్‌లో మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేశాను. 85 వేలు కట్టాను, సర్టిఫికెట్ వచ్చింది. పెళ్ళికానివాళ్ళకీ జంటలకీ కోచింగ్ మొదలుపెడదామని బ్రాడీపేటలో గది కూడా చూశాను. ఈ సర్టిఫికెట్ సరిపోతుందా? ఇంకేమైనా చదవాలా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: చట్టం సంగతే అడిగితే ఆ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. మన దేశంలో 'రిలేషన్‌షిప్ కోచ్' అని రాసుకోవడానికి ఎవరి లైసెన్సూ అవసరం లేదు. రేపు మా వీధిలో ఇస్త్రీ బండి అతను రాసుకున్నా ఆపేవాళ్ళు లేరు. (అతను కొన్ని కాపురాలు నాకంటే బాగానే నిలబెట్టగలడని నాకు అనుమానం. బట్టలు చూసి ఇల్లు చెప్తాడు.) క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. దానికి 1992 నాటి చట్టం ఉంది. సైకియాట్రిస్ట్ అంటే డాక్టరు, మందు రాసే మనిషి. మీరూ నేనూ ఈ రెండూ కాదు. ఈ మాట మీ దగ్గరకి వచ్చిన ప్రతి మనిషికీ మొదటి పది నిమిషాల్లోనే చెప్పాలి.

మరి మనం చేసేదేమిటి? ఇద్దరు మనుషులు ఒకే సంగతి మీద నాలుగేళ్ళుగా అవే మాటలతో పోట్లాడుకుంటుంటే, మాట మార్చి చూడమని కూర్చోబెట్టడం. సంక్రాంతికి ఎవరింటికి వెళ్ళాలి, అతని జీతంలో ఎంత అమ్మకి వెళ్తుంది, రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎందుకు బోర్లా పెడుతున్నాడు, ఇవీ మన సరుకు. పెళ్ళికానివాళ్ళయితే, అవతలి మనిషిని ఏం అడగాలో, తన గురించి ఎంత చెప్పాలో నేర్పడం. ఇది చిన్న పనేం కాదు. కానీ దీనికో గట్టు ఉంది. ఆ గట్టు ఎక్కడుందో నేను దెబ్బ తిని తెలుసుకున్నాను.

పని మొదలుపెట్టిన రెండో ఏడు ఒక కుర్రాడు వచ్చాడు. 31 ఏళ్ళు, పదకొండు పెళ్ళిచూపులు అయ్యాయి, ఎక్కడా కుదరలేదు. అమ్మాయి ముందు కూర్చుంటే మాట పెగలదన్నాడు. నేను హుషారుగా ఐదు వారాలు మాట్లాడటం నేర్పాను. ఎలా పలకరించాలి, కళ్ళలోకి ఎలా చూడాలి, మీకేం ఇష్టమని కాకుండా మీ రోజు ఎలా గడుస్తుందని ఎలా అడగాలి, అన్నీ. ఆరో వారం అతని అక్క వచ్చింది. "వాడు మూడు నెలలుగా నిద్రపోవట్లేదండీ, అన్నం సగంలో వదిలేస్తున్నాడు, బతకడం దేనికి అంటున్నాడు" అంది. డిప్రెషన్‌తో మునిగిపోతున్న మనిషికి నేను పెళ్ళిచూపుల మర్యాదలు నేర్పుతున్నాను! ఆ సాయంత్రమే సైకియాట్రిస్ట్ దగ్గరకి పంపాను. అతను బాగుపడ్డాడు. దాంట్లో నా గొప్ప ఏమీ లేదు, అక్క గొప్ప.

అందుకని గది కంటే ముందు ఒక నోట్‌బుక్ కొనండి. అందులో ఒక సైకియాట్రిస్ట్, ఒక క్లినికల్ సైకాలజిస్ట్, ఒక గైనకాలజిస్ట్, మగవాళ్ళ సమస్యలు సిగ్గుపెట్టకుండా వినే ఒక యూరాలజిస్ట్, కేసు పెంచకుండా మాట్లాడే ఒక లాయరు, వీళ్ళ నంబర్లు రాసుకోండి. ఊరికే రాసుకోవడం కాదు, వెళ్ళి కలవండి. మానసిక ఇబ్బందికి ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, మహిళల హెల్ప్‌లైన్ 181, పోలీసులకి 112, ఈ మూడూ మొదటి పేజీలో ఉండాలి. నిద్ర పట్టడం లేదన్నా, చావు మాటెత్తినా, తాగుడు చెయ్యి దాటినా, భార్య పాల అబ్బాయితో మాట్లాడటం కూడా నేరంలా కనపడేంత అనుమానం భర్తకి ఉన్నా, మీ కోచింగ్ ఆగిపోవాలి, నోట్‌బుక్ తెరుచుకోవాలి.

ఇంక బ్రాడీపేట గది. ఎక్కడుంది, కింద ఏముంది అన్నది మీరు రాయలేదు, నాకు కావలసింది అదే! నేను ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్‌గా పదకొండేళ్ళు చేసి బయటికొచ్చాను. కోర్టు మెట్లెక్కేసరికి చాలా ఇళ్ళలో మాట మిగలదు, మనోవర్తి లెక్క మిగులుతుంది. అంతకంటే ముందే జనాన్ని కలవాలని 2014లో పటమటలో మెయిన్ రోడ్డు మీద, షట్టరు గదిలో పెద్ద బోర్డు పెట్టాను. 'దాంపత్య సలహా కేంద్రం' అని. నాలుగు నెలల్లో ముగ్గురు వచ్చారు. అందులో ఒకాయన కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలని అడగడానికి వచ్చాడు. ఎదురుగా టీ బంకు. అక్కడ కూర్చున్నవాళ్ళ కళ్ళముందు భార్యాభర్తలు ఆ బోర్డు కిందకి ఎలా వస్తారండీ? నాకు ఆ ఇంగితం లేకపోయింది.

తర్వాత సూర్యారావుపేటకి మార్చాను. అది మా ఊళ్ళో డాక్టర్ల పేట. కింద పళ్ళ డాక్టరు, మొదటి అంతస్తులో స్కానింగ్, రెండో అంతస్తులో నేను. బోర్డు లేదు, తలుపు మీద నా పేరు ఒక్కటే. మెట్ల మీద ఎవరైనా కనిపిస్తే "పన్ను నొప్పి" అనొచ్చు. అక్కడికి మారాక జనం వచ్చారు. ఒకరు వెళ్ళిన ఇరవై నిమిషాలకి గానీ ఇంకొకరికి టైమ్ ఇవ్వను. మా ఊళ్ళో ప్రతివాళ్ళూ ఎవరికో ఒకరికి వియ్యపురాలి చెల్లెలే. తలుపు బయట ఒక పాత టేబుల్ ఫ్యాన్ పెట్టాను, గడగడమని చప్పుడు చేసేది. గాలికి కాదు, లోపలి మాటలు బయటికి వినపడకుండా. ఇంటీరియర్ మీద లక్ష పెట్టేబదులు అలాంటి ఫ్యాన్ వెతకండి.

ఇంకో సంగతి మీ కోర్సులో చెప్పి ఉండరు. చీరల కొట్టుకి మంచి చీర కట్టుకున్నావిడే ప్రచారం. మనకి అలా కుదరదు. బాగుపడి వెళ్ళిన జంట బజార్లో నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతుంది, పోవాలి కూడా. మన దగ్గరకి వచ్చామని వాళ్ళు నోరెత్తి చెప్పరు. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ కంటే ముందు, జనం తమ కష్టం ఇప్పటికే ఎవరి దగ్గర చెప్పుకుంటున్నారో వాళ్ళని పట్టుకోండి. నాకు మొదట మనుషుల్ని పంపింది ఒక గైనకాలజిస్ట్. పిల్లలు లేరని వచ్చిన జంట, అసలు ఒకే మంచం మీద పడుకోవడం లేదని ఆవిడకి తెలిసేది. తర్వాత ఇద్దరు లాయర్లు, ఒక స్కూలు హెడ్‌మిస్ట్రెస్. పిల్లవాడు క్లాసులో మాట్లాడటం మానేస్తే ఇంట్లో ఏదో జరుగుతోందని ఆవిడ పసిగట్టేది. ఇలా నలుగురు నమ్మడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఇల్లు నడవడానికి మీ దగ్గర వేరే దారి ఉందా? లేకపోతే పార్ట్‌టైమ్ ఉద్యోగం చూసుకుని శని, ఆదివారాలే కూర్చోండి.

ప్రశ్న: నమస్కారమండీ. భార్యాభర్తలం ఇరవై ఏళ్ళుగా మ్యారేజ్ బ్యూరో నడుపుతున్నాం. ఈమధ్య కుదిరిన సంబంధాలు నిశ్చితార్థం తర్వాత తప్పిపోతున్నాయి, పెళ్ళయిన ఆరు నెలలకే గొడవలని ఫోన్లు వస్తున్నాయి. మేమే కోచింగ్ కూడా పెడితే బాగుంటుంది కదా?
– దంపతులు, రాజమండ్రి

జవాబు: బాగుంటుంది, కానీ ఒకే గల్లాపెట్టెలో రెండు డబ్బులూ పడకూడదు. సంబంధం కుదిరితే మీకు రుసుము వస్తుంది. కోచ్ దగ్గర కూర్చున్న అమ్మాయి "నాకు ఈ అబ్బాయి వద్దండీ" అంటే ఆ మాటని చివరిదాకా వినాలి. మీ రుసుము పోతుందని తెలిసీ మీరు వినగలరా? మీరు మంచివాళ్ళు కాబట్టి వింటామంటారు. ఆ అమ్మాయి నమ్మాలిగా! మీ బ్యూరో ద్వారా కుదిరిన వాళ్ళకి మీరు కోచింగ్ చేయకండి, వేరేవాళ్ళ దగ్గరకి పంపండి. పంపినందుకు కమీషన్ తీసుకోకండి. ఇక్కడ నేను కఠినంగానే ఉంటాను.

మీరు చేయగల మంచి పని వేరే ఉంది. పెళ్ళిచూపులకి ముందే ఇద్దరిచేతా కొన్ని ప్రశ్నలకి జవాబులు రాయించండి. బయోడేటాలో గోత్రం, నక్షత్రం, ఎత్తు, రంగు, ప్యాకేజీ ఉంటాయి. ప్యాకేజీ పాతిక లక్షలంటారు. చేతికొచ్చేది ఎంత, ఫ్లాటు మీద నెలనెలా పోయే ఈఎంఐ ఎంత, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు ఎవరు తీరుస్తున్నారు, ఇవేవీ ఉండవు. అమ్మాయి ఉద్యోగం మానాలా, నైట్ షిఫ్ట్ అయితే పొద్దున్న కాఫీ ఎవరు పెడతారు, అత్తమామలు ఇప్పుడుంటారా తర్వాత వస్తారా, పిల్లలు కావాలా, ఎప్పుడు? పెళ్ళయ్యాక గొడవలన్నీ వీటి దగ్గరే. కట్నం మాట సరేసరి. 1961 నుంచి అది నేరం, అయినా లాంఛనాలన్న పేరుతో ఎంత నడుస్తోందో మీకు నేను చెప్పాలా? ఆడపడుచు లాంఛనం దగ్గర పుట్టిన కోపం పదేళ్ళ తర్వాత నా ముందు కూర్చున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

మీ ఊరివాళ్ళకి ఇంకో మాట. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మీ రాజమండ్రిలోనే మొదటి వితంతు వివాహం జరిపించారు కదా. అక్షింతలు వేసి ఇంటికి పోతే ఆయన పని తేలికయ్యేది. ఊరు వెలివేసినట్టు చూస్తుంటే పెళ్ళి చేసుకున్నవాళ్ళకి అండగా ఆయనా రాజ్యలక్ష్మమ్మ గారూ నిలబడ్డారు. వంటమనిషి మానేస్తే ఆవిడే వండిపెట్టారు. పెళ్ళి తర్వాతి మాట మీకు పట్టింది కాబట్టే గుర్తొచ్చింది.

పెళ్ళికానివాళ్ళకి బ్యాచ్‌లు పెట్టాలనుకుంటే మాత్రం నా అనుభవం వినండి. నాలుగు ఆదివారాల క్లాసు అని ఒకసారి పెట్టాను. పదిమంది పేర్లు ఇచ్చారు, ఆరుగురు వచ్చారు. ముగ్గురమ్మాయిలు అమ్మల్ని వెంటబెట్టుకొచ్చారు. ఒక అమ్మ రెండో వారం ఎదురు వరసలో అబ్బాయి వాళ్ళ శాఖ అడిగింది. అదీ ఒక రకం పెళ్ళిచూపులైపోయింది. మూడో వారం మూసేశాను. అప్పటినుంచి ఒక్కొక్కరితోనే.

ప్రశ్న: రేటు ఎంత పెట్టాలి? ప్యాకేజీలా అమ్మాలా? జీఎస్టీ కట్టాలా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: నేను 500తో మొదలుపెట్టాను, ఇప్పుడు గంటన్నరకి 1,500 తీసుకుంటున్నాను. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే. రోజుకి నాలుగు జంటలు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు కూర్చున్నా నా రేటుకి 14,40,000 అవుతుంది. రోజుకి నలుగురిని చూడటం నా వల్ల కాదు, మూడో జంట వెళ్ళేసరికి చెవుల్లోకి మాట దిగదు. కాబట్టి నాకు ఆ బాధ రాలేదు. రసీదు ఇవ్వండి, ఆదాయపు పన్ను రిటర్ను వేయండి. చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేసుకోండి. డబ్బులడిగే ఏజెంటు దగ్గరకి పోకండి.

పన్నెండు సెషన్ల ప్యాకేజీ ముందే డబ్బు కట్టించుకుని అమ్మొద్దు. నాలుగో వారానికే వాళ్ళ సమస్య తీరితే మిగతా ఎనిమిది వారాలు మీరు కొత్త సమస్య వెతుకుతారు. ఏ పూటకాపూట తీసుకోండి. 'కాపురం నిలబెడతాం, లేకపోతే డబ్బు వాపసు' అనే ప్రకటన ఒకటి చూశాను. మిక్సీ అమ్ముతున్నారనుకున్నాను.

ప్రశ్న: అక్కా, నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడికి రాకముందు ఉస్మానియాలో సైకాలజీలో ఎమ్మే చేశాను. మా ఆయనది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్4. ఇక్కడ తెలుగు జంటలు చాలా ఇబ్బందుల్లో ఉన్నారు, తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరకరు. జూమ్‌లో కోచింగ్ మొదలుపెట్టనా?
– చెల్లెలు, డాలస్

జవాబు: చెల్లీ, ముందు ఒక పొడి ప్రశ్న. నీకు ఈఏడీ (అక్కడ పనిచేసే అనుమతి పత్రం) ఉందా? హెచ్4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి 2015 మే నుంచి పనిచేసే అనుమతి ఇస్తున్నారు, అందరికీ కాదు. అది లేకుండా ఫీజు తీసుకుంటే, ఇంట్లో కూర్చుని జూమ్‌లో చేసినా, డబ్బు ఇండియా ఖాతాలో వేయించుకున్నా, మీ ఇద్దరి వీసాకీ చిక్కు రావచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకు. రెండోది, టెక్సస్‌లో కౌన్సెలర్, మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్ట్ అన్న పేర్లకి రాష్ట్రం లైసెన్సు కావాలి. ఉస్మానియా ఎమ్మే ఉన్నా ఆ మాటలు నీ పేజీలో రాయకూడదు. కోచ్ అని రాస్తే కోచ్ పనే చెయ్యాలి.

ఈ రెండూ దాటితే, నువ్వు చెప్పింది నిజం. నాకూ అక్కడినుంచి ఫోన్లు వస్తాయి. వేసవిలో డాలస్‌లో ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరంటే మాకు సాయంత్రం ఏడు. నవంబరులో గడియారం మారాక అదే ఏడింటికి వాళ్ళు ఏడున్నరకే లేచి కూర్చోవాలి. మొదటి ఏడాది ఆ గంట తేడా మర్చిపోయి ఇద్దర్ని ఖాళీ స్క్రీను ముందు కూర్చోబెట్టాను. సగం మంది కార్లోంచి మాట్లాడతారు, ఏ కాస్ట్‌కో కొట్టు పార్కింగ్‌లోనో ఆపుకుని. ఇంట్లో అత్తగారో అమ్మో ఆరు నెలలకి వచ్చి ఉంటారు, చెక్క గోడలు, మాట దాగదు. నువ్వు మాట్లాడేముందు "ఎక్కడున్నారు, పక్కన ఎవరైనా ఉన్నారా, బండి ఆపారా?" అని అడగడం అలవాటు చేసుకో.

అక్కడి గొడవల్లో ఒకటి నీకు నాకంటే బాగా తెలుసు. ఇక్కడ ఉద్యోగం చేసి సొంత డబ్బు చూసిన అమ్మాయి, అక్కడ కూరగాయలకి కూడా అతని కార్డు గీకాలి. అతను చెడ్డవాడేం కాదు, కానీ నెలాఖరున స్టేట్‌మెంట్ చూసి "ఇదేంటి 43 డాలర్లు?" అంటాడు. అతనికి అది లెక్క. ఆమెకి మాత్రం చెంపదెబ్బ. ఇది నువ్వు పడి ఉంటే, ఆ కోపం నీ దగ్గరకి వచ్చే మొగుళ్ళందరి మీదా పోయకుండా చూసుకో. ముందు నువ్వే ఎవరి దగ్గరైనా కూర్చుని మాట్లాడు.

ప్రశ్న: నేను ఏడాదిగా జంటలకి కోచింగ్ ఇస్తున్నాను. ఒక భర్త రోజూ ఫోన్ చేసి "మా ఆవిడ ఒంటరిగా వచ్చినప్పుడు ఏం చెప్పింది?" అని అడుగుతున్నాడు. ఫీజు కట్టేది నేనే కదా అంటున్నాడు. ఏం చెప్పాలి?
– పాఠకుడు, ఏలూరు

జవాబు: "మీరు చెప్పింది ఆవిడకి చెప్పలేదు, ఆవిడ చెప్పింది మీకు చెప్పను" అని చెప్పండి. ఈ మాట మొదటి రోజే తెలుగులో, ఒక కాగితం మీద రాసి ఇద్దరిచేతా సంతకం పెట్టించి ఉంటే ఇప్పుడు ఈ ఫోన్ వచ్చేది కాదు. నా కాగితం అరపేజీ. ఎవరు డబ్బు కట్టినా ఇద్దరూ సమానమే, ఒక్కరు చెప్పింది రెండో వాళ్ళకి చేరదు, ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప ఎవరికీ చెప్పను, కోర్టులో ఒకరి తరఫున సాక్ష్యం చెప్పడానికి నన్ను పిలవద్దు. (కోర్టే పిలిస్తే వెళ్ళక తప్పదు, అదీ రాశాను.) రికార్డింగ్ చేయకూడదని కూడా. వాట్సాప్‌లో కష్టం రాయొద్దంటాను, టైమ్ మార్చుకోవడానికే వాట్సాప్. వ్యక్తిగత సమాచారం మీద 2023లో కొత్త చట్టం వచ్చింది. అది రాకముందునుంచీ నా డైరీలో పేర్లుండవు, అంకెలే.

ఇదంతా నేను పుట్టుకతో నేర్చుకుని రాలేదు. ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో, పక్కనున్నావిడ "మీ దగ్గరకి ఎలాంటివాళ్ళొస్తారండీ?" అంటే, పేరు చెప్పకుండా ఒక కథ చెప్పాను. భర్త దుబాయిలో, భార్య అత్తగారితో, అత్తగారు ఫ్రిజ్‌కి తాళం వేస్తుంది. అంతే, ఇంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. ఎదుటి వరసలో గోంగూర పచ్చడి కలుపుకుంటున్న ఒకావిడ చెయ్యి ఆగిపోయింది. ఫ్రిజ్‌కి తాళం వేసే ఇల్లు కృష్ణా జిల్లాలో ఎన్ని ఉంటాయి? ఆవిడ ఆ అమ్మాయికి పిన్ని. రెండు రోజుల్లో అత్తగారికి తెలిసింది. ఆ అమ్మాయి మళ్ళీ నా దగ్గరకి రాలేదు. ఫోన్ చేసి "మేడమ్, మీరు కూడానా" అని మాత్రం అంది. నేను క్షమించమని అడిగాను. ఆమె పెట్టేసింది. ఇప్పుడీ కథలో కూడా దుబాయి దుబాయి కాదు, ఫ్రిజ్ ఫ్రిజ్ కాదు.

మీ పేజీలో 'మా సక్సెస్ స్టోరీస్' అని పేర్లు మార్చి పెడుతుంటే ఈ రాత్రికే తీసేయండి.

ప్రశ్న: జంటగా వస్తున్నవాళ్ళలో అతను ఆమెను కొడతాడని మూడో వారం తెలిసింది. ఆమె "మీరు చెప్తే మారతాడు" అంటోంది. కొనసాగించాలా?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టడం ఈ వారంతో ఆపేయండి. మీ ముందు ఆమె ధైర్యంగా అన్న మాటకి ఇంటికెళ్ళాక దెబ్బ పడుతుంది. ఆమెని ఒంటరిగా కలవండి. ఫోన్ ఎవరు చూస్తారు, రాత్రికి రాత్రి వెళ్ళాల్సొస్తే ఎక్కడికి వెళ్తుంది, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి, ఇవి అడగండి. 181, హింసకి గురైన ఆడవాళ్ళకి ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రం, 2005 గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్, వీళ్ళ సంగతి చెప్పండి. వెళ్ళాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి, తొందరపెట్టకండి. కానీ 'సర్దుకుపో' అన్న మాట మీ నోట రాకూడదు. ఆమెకి ఆ మాట చెప్పడానికి ఊళ్ళో మిగతావాళ్ళందరూ ఉన్నారు.

నేను ఇప్పుడు మొదటి రోజే ఇద్దర్నీ విడివిడిగా పావుగంట చూస్తాను, జంట ఎంత అన్యోన్యంగా కనిపించినా సరే. "ఇంట్లో మీకు భయం వేసే సందర్భం ఉందా?" అని అడుగుతాను. కొడతాడా అని అడిగితే లేదంటారు. భయం అని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. మీకు మూడో వారం తెలిసింది మొదటి రోజే తెలిసేది.

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు, సైకాలజీ పీజీ చేశాను, పెళ్ళి కాలేదు. ఎవరికైనా కోచింగ్ చేస్తానంటే "పెళ్ళే కాలేదు, కాపురం గురించి నీకేం తెలుసు?" అంటున్నారు. ఇంట్లోవాళ్ళు ముందు నువ్వు చేసుకుని తర్వాత పెట్టుకో అంటున్నారు. ఏం చేయను?
– పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: కోచింగ్ కోసం పెళ్ళి చేసుకోకు తల్లీ, ఆ అబ్బాయి ఏం పాపం చేశాడు!

నాకు పెళ్ళయి ముప్ఫై మూడేళ్ళు. నన్నేమంటారో తెలుసా? "మీ కాలం వేరండీ." విడాకులు తీసుకున్న కోచ్ ఒకావిడ నాకు తెలుసు. ఆవిడని "తన కాపురమే నిలబెట్టుకోలేదు" అంటారు. ఎవరికి తగ్గ మాట వాళ్ళకి సిద్ధంగా ఉంటుంది. ఆ మాట వెనక వాళ్ళు అడుగుతున్నది నీ పెళ్ళి గురించి కాదు. నువ్వు ఎవరి పక్షం? అదీ ప్రశ్న. భర్త అనుకుంటాడు, ఆడపిల్ల కదా, ఆమె వైపే మాట్లాడుతుందని. భార్య అనుకుంటుంది, చిన్నపిల్ల కదా, మా ఆయన గొంతు పెంచితే బెదిరిపోతుందని. పెళ్ళి కాలేదని దాచకు, అడిగితే "కాలేదండీ" అని చెప్పి పనిలోకి వెళ్ళిపో.

పక్షం సంగతి మాత్రం మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మనం ఎవరినైనా రెండో నిమిషంలో వరస కలిపేస్తాం. ఆమె నిన్ను "చెల్లీ" అంటుంది. ముద్దుగానే ఉంటుంది. కానీ ఆమె అక్క అయితే అతను నీకు బావ. నువ్వు పుట్టింటి మనిషివైపోయావు! ఇంక నువ్వు ఏం చెప్పినా, బావగారిని మరదలు మందలిస్తున్నట్టు ఉంటుంది, ఆయన నవ్వేసి ఊరుకుంటాడు. అతను నిన్ను "చెల్లెమ్మా" అంటే ఆమె వదిన. అప్పుడు నువ్వు ఆడపడుచువి, ఆమె నోరే విప్పదు. ఇది తెలియక మొదట్లో "ఆంటీ" అనిపించుకుని మురిసిపోయాను. ఒక కేసులో భర్త నన్ను మేడమ్ అనేవాడు, భార్య ఆంటీ అనేది. ఆరు వారాలు అతను నా దగ్గర ఒక్క నిజం చెప్పలేదు. "మీరు వాళ్ళ తరఫు కదండీ" అన్నాడు చివరికి. ఆ అమ్మాయిని అంతకుముందు నేను చూసి కూడా ఎరగను.

కాబట్టి ఇద్దరికీ 'గారు', ఇద్దరికీ 'మీరు', వయసు ఎంతైనా సరే. వాళ్ళు వరస కలిపితే, "నాకు ఇక్కడ ఇద్దరూ ఒకటే, పేరు పెట్టి పిలవండి" అని నవ్వుతూ చెప్పు. (డాలస్ అమ్మాయిని నేను చెల్లీ అన్నాను కదా అంటావేమో. ఆమె నా దగ్గరకి జంటగా రాలేదు.) మీ శ్రీకాకుళం మాటలో మాట్లాడు, టీవీ యాంకరు తెలుగు మాట్లాడకు. సోఫా వద్దు, సోఫా ఉంటే ఆమె పక్కన వాళ్ళమ్మ వచ్చి కూర్చుంటుంది. ఒకే ఎత్తు కుర్చీలు మూడు, సమానమైన దూరంలో. అమ్మల్ని, అన్నల్ని బయట కూర్చోబెట్టడానికి కాస్త మంచి బెంచీ, ఒక పత్రిక.

మీ ఇంట్లోవాళ్ళకి ఏడాది గడువు చెప్పు. ఈలోపు గది చూసుకుంటే మేడ మీద తీసుకో, కింద మెడికల్ షాపు ఉంటే మరీ మంచిది.